గేమ్ కాదు సార్... ఇన్వెస్ట్‌మెంట్!

వెలిమెల నుంచి ఈమధ్య ఓ భార్యాభర్తలు మా మెడిసిన్ ఓపీకి వచ్చారు. అతనికి ముప్ఫై నాలుగేళ్లు, పాశమైలారంలో షిఫ్టు ఉద్యోగం. తలనొప్పి, గుండెదడ, కడుపులో మంట, కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి. బీపీ 152/98. ఈసీజీ, షుగర్, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయి. నిద్ర ఎలా పడుతోందని అడిగితే ‘‘నైట్ డ్యూటీలు కదా సార్’’ అని దాటేశాడు. భార్య ఊరుకోలేదు.

‘‘పొద్దుగాల డ్యూటీ దిగి వచ్చినంక గూడ పండుకోడు సార్. దుప్పటి కప్పుకొని ఫోన్‌ల గేమ్ ఆడుతనే ఉంటడు.’’

‘‘గేమ్ కాదు సార్, ఇన్వెస్ట్‌మెంట్’’ అన్నాడతను.

ఆ మాటతోనే నా పని కష్టమైంది. గేమ్ అంటే ఇంట్లోవాళ్లు మానమంటారు. ఇన్వెస్ట్‌మెంట్ అంటే మానమనరు సరికదా, టీ పెట్టి పక్కన ఉంచుతారు. అందుకే ఈ కొత్తరకం ఆటల బాధితులు మా దగ్గరికి ఆలస్యంగా వస్తున్నారు. వచ్చినా బీపీకో గ్యాస్‌కో వస్తున్నారు, ఆట సంగతి చెప్పడం లేదు.

మీ ఇంట్లో ఎవరైనా ‘బ్లాక్‌చెయిన్ గేమ్’ అంటుంటే దాని అర్థం ఇది. బ్లాక్‌చెయిన్ అంటే ఎందరి దగ్గరో నకళ్లు ఉండే ఖాతా పుస్తకం. ఒకరు తమ నకలులో కొట్టేసినా మిగతావాళ్ల దగ్గర ఉంటుంది కాబట్టి దొంగలెక్క రాయడం కష్టం. ఆటలో మీరు గెలిచిన కత్తి, పెంచిన జంతువు, కొన్న ప్లాటు మీ పేరు మీద అందులో నమోదవుతాయి. వాటిని అమ్ముకోవచ్చు. ఆట ఇచ్చే నాణేలను, అంటే టోకెన్లను, డబ్బుగా మార్చుకోవచ్చు. మామూలు వీడియో గేమ్‌లో కంపెనీ ఆట మూసేస్తే మీ వస్తువులూ పోతాయి. ఇక్కడ అవి మీ సొంతం. ఇదీ వాళ్ల వాగ్దానం, వినడానికి న్యాయంగానే ఉంది.

కానీ ఆ పుస్తకం వస్తువు ఎవరిదో చెబుతుంది, దాని విలువ ఎంతో చెప్పదు. ఈ తేడా వెలిమెల, కొల్లూరు, తెల్లాపూర్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ గజం ధర పెరిగింది కాగితం మీద పేరున్నందుకు కాదు. పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, కంపెనీలు వచ్చాయి, మనుషులు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. డీసెంట్రాల్యాండ్ అనే వర్చువల్ ప్రపంచంలో 2021 నవంబరులో కొంత స్థలం దాదాపు 24 లక్షల డాలర్లకు, అంటే అప్పట్లో సుమారు 18 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. అక్కడ ఒక్కో ప్లాటు 16 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, అదీ తెర మీదే. జనం అటు వెళ్లడం తగ్గగానే ధరలు కుప్పకూలాయి. రిజిస్ట్రేషన్ మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఆటల కథా అంతే. వియత్నాం కంపెనీ తయారుచేసిన యాక్సీ ఇన్ఫినిటీలో ఆడాలంటే అప్పట్లో ముందు మూడు బొమ్మజంతువులు కొనాల్సి వచ్చేది. కొవిడ్ రోజుల్లో పనులు పోయిన ఫిలిప్పీన్స్ జనం ఎందరో దీన్నే జీవనోపాధిగా పట్టుకున్నారు. 2021 జులైలో ఆ ఆట టోకెన్ ధర 35 సెంట్లు దాటింది. ఏడాది తిరిగేసరికి ఒక్క సెంటు కూడా పలకలేదు. కారణం తేలికే. పాత ఆటగాళ్లు డబ్బు చేసుకోవాలంటే కొత్తవాళ్లు జంతువులు కొంటూ ఉండాలి. కొత్తవాళ్లు తగ్గారు, టోకెన్లు గుట్టలు పడ్డాయి. ఇంతలో 2022 మార్చిలో హ్యాకర్లు ఆ ఆట నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా దోచుకెళ్లారు. ఖాతా పుస్తకం చెక్కుచెదరకపోయినా తాళంచెవులు పోయాయి. 2024లో టెలిగ్రామ్‌లో హామ్‌స్టర్ కాంబాట్ అనే ఆట మన కుర్రాళ్లనూ ఊపేసింది. చేయాల్సిందల్లా తెర మీద వేలితో కొడుతూ ఉండటమే. సెప్టెంబరులో టోకెన్లు పంచితే, నెలల తరబడి కొట్టినవాళ్లలో చాలామందికి దక్కింది చిల్లరే. బొటనవేలి నొప్పి అదనం.

మెదడు ఎందుకు వదలదు?

ప్రతిసారీ బహుమతి వస్తే మనిషికి విసుగు పుడుతుంది, ఎప్పుడూ రాకపోతే వదిలేస్తాడు. ఎప్పుడు వస్తుందో తెలియకుండా వస్తే మాత్రం వదలలేడు. మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ పావురాల మీద ఎప్పుడో చూపించిన సంగతే ఇది. పేకాట బల్ల దగ్గర జరిగేదీ ఇదే. దీనికి టోకెన్ ధర తోడైతే ఆటలో ఓడినా గెలిచినా ఇంకో జూదం పక్కన నడుస్తూనే ఉంటుంది. షేర్ మార్కెట్‌ను మధ్యాహ్నం మూడున్నరకు మూసేస్తారు. టోకెన్ల మార్కెట్‌కు రాత్రి లేదు, ఆదివారం లేదు. అసలే నైట్ షిఫ్టులతో నిద్ర గాడి తప్పిన మనిషికి, పడుకోవాల్సిన ఆ నాలుగైదు గంటల్లో ధర చూసుకునే పని వచ్చిపడుతుంది. బీపీ పెరగడంలో ఆశ్చర్యం ఏముంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఎన్ని గంటలు ఆడారన్నది అందులో కొలత కాదు. ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యం కావడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం... మామూలుగా ఏడాది పాటు ఇవి కనిపిస్తే జబ్బుగా లెక్క. కొందరిలో అంతకన్నా ముందే తేలిపోతుంది. జూద వ్యసనం అదే జాబితాలో విడిగా ఉంది. ఈ ఆటల్లో రెండూ కలిసిపోతున్నాయని నా అభిప్రాయం.

నేను గేమ్‌లకు వ్యతిరేకిని కాను. పీజీ రోజుల్లో నైట్ డ్యూటీల్లో నేనూ ఆడాను, అదీ బాగానే ఆడాను. వర్చువల్ ప్రపంచాలు వైద్యానికి పనికొస్తున్నాయి కూడా. కాలిన గాయాలకు డ్రెస్సింగ్ చేసేటప్పుడు రోగి కళ్లకు వర్చువల్ రియాలిటీ పరికరం పెట్టి మంచులోకంలో తిప్పితే నొప్పి తక్కువగా తెలుస్తుందని అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. శ్రద్ధలోపం ఉన్న పిల్లల కోసం ఒక వీడియో గేమ్‌కు 2020లో, దీర్ఘకాలిక నడుం నొప్పికి ఒక వర్చువల్ రియాలిటీ చికిత్సకు 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. వీటిలో ఏదీ ఆడినవారికి డబ్బు ఇవ్వదు.

ఇంట్లో ఏం చేయాలి?

ముందు అరవకండి. ఫోన్ లాక్కుంటే ఇంకో ఫోన్ వస్తుంది. అడగాల్సింది రెండు ప్రశ్నలు. ‘ఇప్పటిదాకా ఎంత పెట్టావు, ఎంత చేతికొచ్చింది?’ తెర మీద కనిపించే అంకె కాదు, బ్యాంకు ఖాతాలో పడిన మొత్తం. ‘ఆ పెట్టిన డబ్బు ఎక్కడిది?’ మా పేషెంటు మొదటి ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చాడు. రెండోదానికి తల దించుకున్నాడు. చిట్టీ ఎత్తిన డబ్బు, లోన్ యాప్‌లు, భార్యకు తెలియకుండా కుదువపెట్టిన గొలుసు. అన్నీ కలిపి మూడు లక్షల నలభై వేలు. పోయినదాన్ని రాబట్టుకోవాలని మళ్లీ పెట్టడమే ఇక్కడ అసలు రోగం.

ఆమె ఏడుస్తోంది. ఆమెను కాసేపు బయట కూర్చోబెట్టి, ‘చచ్చిపోవాలని అనిపించిందా?’ అని అతన్ని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. రెండుసార్లు అనిపించిందన్నాడు. అదే రోజు సైకియాట్రీకి పంపాను. ఇలాంటి పరిస్థితి ఎదురైతే మనిషిని ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కొనివ్వకండి.

పోలీసులకు తెలిస్తే కేసవుతుందన్న భయంతో దాచిపెట్టేవాళ్లూ ఉన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం అలాంటి ఆటలు నడిపేవారికి, ప్రచారం చేసేవారికి శిక్షలు పెట్టింది. డబ్బుగా మారే నాణేలు, టోకెన్లు పందెంగా పెట్టినా దాని కిందికే వస్తాయి. ఆడి నష్టపోయినవారికి మాత్రం ఆ కేంద్ర చట్టంలో శిక్ష లేదు. మోసం జరిగితే 1930కి వెంటనే ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరకదు. ‘మీ సొమ్ము విడుదల కావాలంటే ముందు పన్ను కట్టండి’ అని ఆట నిర్వాహకులే అడిగితే అది మోసమే. టోకెన్ల లాభంపై 30 శాతం పన్ను నిజమే కానీ, అది ఆదాయపు పన్ను శాఖకు కట్టేది.

నెల తర్వాత ఇద్దరూ మళ్లీ వచ్చారు. బీపీ 138/88. లోన్ యాప్‌ల అప్పు అతని అన్న తీర్చాడట, గొలుసు ఇంకా కుదువలోనే ఉంది. జీతం ఖాతా, వాలెట్ రెండూ ఇప్పుడు ఆమె ఫోన్‌లో ఉన్నాయి. ‘‘ధర చూస్తున్నారా?’’ అని అడిగాను.

‘‘రోజుకొకసారి సార్’’ అన్నాడు.

‘‘రెండుసార్లు’’ అంది ఆమె.

బీపీ మాత్ర అదే డోసులో ఇంకో నెలకు రాశాను.