ఒక ల్యాప్‌టాప్, రెండు గిట్‌హబ్ ఖాతాలు

గన్నవరం పక్కన కేసరపల్లిలో మేధా టవర్స్, హెచ్‌సీఎల్ ప్రాంగణం వచ్చాక కానూరు, పోరంకి కుర్రాళ్లకు ఇంట్లో తింటూనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే వీలు దొరికింది. పగలు కంపెనీ కోడు, రాత్రి సొంత ప్రాజెక్టు. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ నడిపితే (కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోవాలి) ఒక చిక్కు వస్తుంది. సొంత కోడును పుష్ చేయబోతే ‘అనుమతి లేదు’ అంటుంది గిట్‌హబ్. ఆ సందేశంలో కనిపించేది ఆఫీసు ఖాతా పేరు!

కారణం ఇదీ. ఎస్ఎస్‌హెచ్ దారిలో గిట్‌హబ్‌కి వెళ్లే వాళ్లందరి యూజర్ పేరూ ఒకటే: ‘గిట్’. వచ్చింది ఎవరో చెప్పేది కీ మాత్రమే. అందుకే గిట్‌హబ్ ఒక కీని ఒక్క ఖాతాకే కట్టనిస్తుంది. రెండోదానికి ఎక్కించబోతే ‘ఇది ఇప్పటికే వాడుకలో ఉంది’ అని తిప్పికొడుతుంది. గిట్‌హబ్‌లో ఒకటి, గిట్‌ల్యాబ్‌లో ఒకటి ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు, ఒకే కీ రెండుచోట్లా చెల్లుతుంది.

కీ ఎందుకు, పాస్‌వర్డ్ చాలదా అంటారా? నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు కాజేస్తున్నారని 1995లో ఫిన్లాండ్‌లో తాతు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు. గిట్‌హబ్ కూడా 2021 ఆగస్టు 13 నుంచి పుష్, పుల్ పనులకు ఖాతా పాస్‌వర్డ్ ఒప్పుకోవడం మానేసింది.

ఒక కీ ఒక్క ఖాతాకే కాబట్టి ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌తో రెండు కీలు చేసుకోవాలి, రకం ఈడీ25519. ఫైలు పేరు అడిగినప్పుడు ఊరికే ఎంటర్ కొట్టకుండా వేర్వేరు పేర్లివ్వండి. ‘డాట్ పబ్’ అని ముగిసే ఫైలులో ఉన్నదే గిట్‌హబ్‌లో పెట్టాలి. దాని జంట ఫైలు వాట్సాప్‌లో ఎవరికీ పంపేది కాదు.

తర్వాత డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైలులో రెండు ముద్దుపేర్లు రాసుకోవాలి: ‘ఇల్లు’, ‘ఆఫీసు’ అనుకుందాం. రెండింటికీ హోస్ట్‌నేమ్ గిట్‌హబ్ డాట్ కామ్, యూజర్ గిట్. ఐడెంటిటీఫైల్ దగ్గర మాత్రం దేని కీ దానికి. చాలామంది వదిలేసే వరుస ఇంకొకటుంది: ఐడెంటిటీస్ఓన్లీ యెస్. అది లేకపోతే కీలు దగ్గరుంచుకునే ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ తన దగ్గరున్న కీలన్నీ ఒక్కొక్కటే చూపిస్తుంది. గిట్‌హబ్ గుర్తుపట్టిన మొదటి కీ ఎవరిదైతే మీరు వాళ్లే అయిపోతారు. ఇక క్లోన్ చేసేటప్పుడు చిరునామాలో గిట్‌హబ్ డాట్ కామ్ ఉన్నచోట ఆ ముద్దుపేరు పెట్టాలి. పాత రిపాజిటరీలకైతే రిమోట్ చిరునామా మార్చాలి. ఎస్ఎస్‌హెచ్‌కి ‘-టీ’ తగిలించి ‘గిట్@ఇల్లు’ అని కొడితే గిట్‌హబ్ ఏ ఖాతా పేరుతో హాయ్ చెబుతుందో చూసుకోవచ్చు.

ఇంతా చేసినా కమిట్ మీద పడే పేరు, ఈమెయిల్ కీని బట్టి రావు. అవి గిట్ సొంత కాన్ఫిగ్‌లోవి. రాత్రి రాసిన కోడు మీద ఆఫీసు మెయిల్ పడేది ఇక్కడే. 2017లో వచ్చిన గిట్ 2.13 నుంచి ‘ఇంక్లూడ్ఇఫ్’ ఉంది: సొంత ప్రాజెక్టులన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, అక్కడ ఏ మెయిల్ వాడాలో ఒక్కసారి చెబితే చాలు. మొదటి కమిట్‌కి ముందే ఆ రిపాజిటరీలో ‘గిట్ కాన్ఫిగ్ యూజర్.ఈమెయిల్’ అని కొట్టి చూడండి. పుష్ అయ్యాక చరిత్ర తిరగరాయడం పెద్ద పని.