పాటలో మూడు నిమిషాలు... ఒడ్డున మూడు నెలలు!

హీరో ఓడిపోతాడు. గురువు వచ్చి భుజం తడతాడు. డ్రమ్స్ మోగుతాయి, పాట మొదలవుతుంది. పల్లవిలో హీరో ఆయాసపడుతూ ఉంటాడు. మొదటి చరణంలో కొండెక్కుతాడు. రెండో చరణం పూర్తయ్యేసరికి ఛాంపియన్! అంతా కలిపి మూడు నిమిషాలు, మహా అయితే నాలుగు. 1999లో వచ్చిన 'తమ్ముడు'లో పవన్ కళ్యాణ్ గారి శిక్షణ పాటకి ఈల వెయ్యని కుర్రాడు ఆ రోజుల్లో ఉన్నాడా, చెప్పండి! హాలీవుడ్ వాళ్ళు 1976లోనే 'రాకీ'తో ఈ పద్ధతికి పెద్దపీట వేశారు. ఫిలడెల్ఫియా మ్యూజియం ముందున్న 72 మెట్లు స్టాలోన్ పరుగున ఎక్కినందుకే యాత్రాస్థలం అయిపోయాయి.

అంతా బాగానే ఉంది. మరి ఆ పాటలో ఎడిటరు కత్తెరకి తెగిపోయిన నెలలన్నీ ఎక్కడికి పోయినట్టు? అవి చూడాలంటే మద్రాసు స్టూడియోలకో, హైదరాబాదు స్టూడియోలకో వెళ్ళనక్కర్లేదు. తెల్లవారుజామున మైపాడు రండి, చాలు.

నేను సినిమాల మీద రాసుకునేవాణ్ణి. పరుగు నా వృత్తి కాదు. యాభై దాటాక, రక్తంలో చక్కెర హద్దు మీద ఉందని డాక్టరు గారు చెప్పిన దగ్గర్నుంచి వారానికి మూడు రోజులు పరుగెత్తుతున్నాను. అందులో ఆదివారం మాత్రం మైపాడుదే. నెల్లూరులో మైపాడు గేటు దాటి తూర్పుగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వెళితే సముద్రం. దారి పొడుగునా ముందు వరిచేలు, తర్వాత రొయ్యల గుంటలు, ఆ గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు. ఆ హోరు ఆగిన చోట అలల హోరు అందుకుంటుంది.

అక్కడ అయిదింటికి దిగే జనాన్ని చూస్తే ఏ డైరెక్టరైనా పాత్రలు ఏరుకోవచ్చు. పోలీసు ఉద్యోగానికి తయారయ్యే కుర్రాళ్ళు ఒక గుంపు. చేతికి ఖరీదైన వాచీ కట్టుకుని, అది చెప్పినట్టల్లా వినే నలభై ఏళ్ళ ఉద్యోగులు ఇంకో గుంపు. మనవల్ని ఎత్తిన రిటైర్డు మాస్టార్లు. చున్నీ నడుముకి బిగించిన ఇల్లాళ్ళు. వీళ్ళందరినీ వింతగా చూస్తూ, పడవ పక్కన వల సర్దుకునే మత్స్యకారులు. ఓ రోజు వాళ్ళలో ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగేశాడు: "ఎవురు తరమతా ఉండారని సామీ, ఇంత పొద్దున్నే పరిగెత్తతా ఉండారు?"

నవ్వొచ్చింది. కానీ ఆలోచిస్తే ఆ మాటలోనే అసలు సంగతంతా ఉంది. నన్ను చక్కెర తరుముతోంది. మాస్టార్లని వయసు తరుముతోంది. కుర్రాళ్ళని నోటిఫికేషను తరుముతోంది. తరిమేది ఏదైనా, వెయ్యాల్సింది మాత్రం ఎవరి అడుగు వాళ్ళు. పక్కవాడి అడుగు వేశామో, దెబ్బ తిన్నామన్నమాటే!

అలల అంచున ఆ దృశ్యం

1981 నాటి బ్రిటిష్ చిత్రం 'ఛారియట్స్ ఆఫ్ ఫైర్' మొదటి దృశ్యం సినిమా ప్రియులకి గుర్తుండే ఉంటుంది. తెల్లటి దుస్తుల్లో యువకులు, చెప్పుల్లేని కాళ్ళతో, నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెడతారు. వెనక వాంజెలిస్ సంగీతం. స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ తీరంలో తీశారా దృశ్యాన్ని. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు గెలిచిన హెరాల్డ్ అబ్రహామ్స్, 400 మీటర్లు గెలిచిన ఎరిక్ లిడెల్ కథ అది. ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు కొట్టింది.

అది చూసి మైపాడులో బూట్లు విప్పి దూకే వాళ్ళున్నారు. వాళ్ళకి నేను చెప్పేదొకటే... ఆ నటులు ఎక్కడ పరుగెత్తారో సరిగ్గా చూడండి. నీటి అంచున, గట్టిపడ్డ తడి ఇసుక మీద! పొడి ఇసుక వ్యవహారమే వేరు. అడుగు లోపలికి దిగబడుతుంది, మనం తోసిన బలమంతా ఇసుక మింగేస్తుంది. బెల్జియం పరిశోధకులు 1998లో కొలిచి చెప్పారు: గట్టినేల మీద పరుగుతో పోలిస్తే అదే వేగానికి ఇసుక మీద సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందట. నడకకైతే రెండు రెట్లు దాటుతుంది. అంటే రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు పరుగెత్తేవాడికి పొడి ఇసుకలో మూడు కిలోమీటర్లకే ఆ అలుపు వచ్చేస్తుందన్నమాట.

ఇంకో చిక్కుంది. ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుగా పోతే ఒక కాలు మిట్ట మీద, ఒక కాలు పల్లంలో పడుతుంది. మోకాలో, మడమ వెనక నరమో మొరాయిస్తుంది. అందుకే ఎంత దూరం వెళ్ళారో అంత దూరమూ అదే దారిన వెనక్కి రావాలి. అప్పుడు రెండు కాళ్ళకీ న్యాయం జరుగుతుంది. ఆటు సమయం చూసుకుని వెళితే గట్టి ఇసుక వెడల్పుగా దొరుకుతుంది. అది ఎప్పుడో మత్స్యకారుల్ని అడగండి, గడియారం చూడకుండా చెబుతారు.

ఎనిమిది నిమిషాల్లో ఉద్యోగం

ఇక ఆ కుర్రాళ్ళ సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగాలకి 2022లో వెలువడిన ప్రకటన ప్రకారం 1600 మీటర్ల పరుగుని మగవాళ్ళు 8 నిమిషాల్లో, ఆడవాళ్ళు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చెయ్యాలి. స్టేడియంలో నాలుగు రౌండ్లు. మగపిల్లలకి రౌండుకి రెండు నిమిషాలు. ఈ లెక్క ఒకటో తరగతి పిల్లాడు కూడా చేస్తాడు. కానీ విజిల్ ఊదగానే లెక్క ఎవడికి గుర్తుంటుంది? అందరూ మొదటి రౌండు నిమిషంన్నరలో కొట్టేస్తారు. మూడో రౌండుకి కాళ్ళు సీసపు ముద్దలు.

ఒడ్డున ఆ కుర్రాళ్ళని ఒక రిటైర్డు డ్రిల్లు మాస్టారు చూసుకుంటూ ఉంటారు. ఫీజు లేదు, విజిల్ ఒక్కటే ఆయన ఆస్తి. ఒక కుర్రాడిని పిలిచి అంటుంటే విన్నాను: "రేయ్ అబ్బయా, మొదటి రౌండులో నువ్వు మిల్ఖా సింగువి. మూడో రౌండుకొచ్చేసరికి మా తాతవి. రెండు నిమిషాలకి ఒక రౌండు. సెకను ముందొద్దు, సెకను ఎనకొద్దు!"

మాస్టారు మిల్ఖా పేరు ఊరికే తియ్యలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల ఫైనల్లో మిల్ఖా సింగ్ గారు 45.73 సెకన్లతో నాలుగో స్థానంలో వచ్చారు. కంచు పతకానికి, ఆయనకి మధ్య తేడా సెకనులో ఎనిమిదో వంతు! ముందు మరీ వేగంగా వెళ్ళాననుకుని సగం దాటాక తగ్గించానని, అదే కొంప ముంచిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. 2013లో 'భాగ్ మిల్ఖా భాగ్'లో ఫర్హాన్ అఖ్తర్ ఒళ్ళు హూనం చేసుకుని ఆ పాత్ర పోషించాడు. అంతటివాడికే వేగం కొలత తప్పిందంటే, నోటిఫికేషను పడ్డాక బూట్లు కొనే మన కుర్రాళ్ళ మాటేమిటి?

కొలత తప్పితే పోయేది ఉద్యోగం ఒక్కటే అయితే ఇంత రాయను. 2024లో జార్ఖండ్ ఎక్సైజు కానిస్టేబుల్ ఎంపికల్లో గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తమన్నారు. ఆ పరుగుల్లో పదిమందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందరూ వయసులో ఉన్న పిల్లలే. ఎండ, ఉక్క, చాలని తయారీ... ఇవి కలిస్తే ఎంత గట్టి ఒంటికైనా ముప్పే.

మన తీరంలో ఆ ఉక్క మరీ ఎక్కువ. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. కొత్తగా ఎండలో పరుగు మొదలెట్టేవాడి శరీరం దానికి అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో వేగం మాట ఎత్తకూడదు. పక్కవాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బ అనుకోండి. నీడకి లాగి, ఒంటి మీద నీళ్ళు గుమ్మరించి, 108కి ఫోన్ కొట్టండి. "కాసేపుంటే సర్దుకుంటుందిలే" అనే డైలాగు అక్కడ పనికిరాదు.

నాలుగేళ్ళు... నూరేళ్ళు!

ఏ వయసులో ఎంత? దీనికీ సినిమాయే జవాబు చెబుతుంది. 2006లో ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ళ బాలుడు పూరీ నుంచి భువనేశ్వర్ దారిలో ఏడు గంటలపాటు 65 కిలోమీటర్లు పరుగెత్తాడు. చివర్లో సొమ్మసిల్లాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది, ప్రభుత్వం మాత్రం ఆ పరుగులు ఆపించింది. 2016లో మనోజ్ బాజ్‌పాయ్ కోచ్‌గా నటించిన 'బుధియా సింగ్: బోర్న్ టు రన్' ఆ కథే. కోచ్ దేవుడా, దుర్మార్గుడా అన్నది సినిమా మనకే వదిలేస్తుంది. నా మటుకు నాకు ఒకటే తోస్తుంది: నాలుగేళ్ళ పిల్లాడు పరుగెత్తాల్సింది గోళీల కోసం, గాలిపటం కోసం. మన చప్పట్ల కోసం కాదు.

రెండో కొసన ఫౌజా సింగ్ తాత. భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న దుఃఖంలో పరుగుని పట్టుకుని, 89 ఏళ్ళ వయసులో 2000లో లండన్ మారథాన్ పూర్తి చేశారు. 2011లో టొరంటోలో 8 గంటల 11 నిమిషాల్లో మరో మారథాన్ ముగించారు, అప్పటికాయనకి నూరేళ్ళు! జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ వాళ్ళు రికార్డుగా రాసుకోలేదు. 2025 జూలైలో స్వగ్రామం దగ్గర వాహనం ఢీకొని ఆయన కన్నుమూశారు. 93 ఏళ్ళకి పరుగు మొదలెట్టిన మన్ కౌర్ అవ్వ 2017లో ఆక్లాండులో 101 ఏళ్ళ వయసున 100 మీటర్లు 74 సెకన్లలో పూర్తి చేసింది. నటుడు మిలింద్ సోమన్‌తో కలిసి 2016లో ఆయన తల్లి ఉషా సోమన్ గారు చీరకట్టుతో, వట్టి కాళ్ళతో పరుగెత్తిన దృశ్యం మీరూ చూసే ఉంటారు.

వీళ్ళెవరూ కుర్రాళ్ళతో పోటీ పడలేదు. తమ వయసుకి తగిన వేగం పట్టుకున్నారు, అంతే.

తెర మీద అసలు కాళ్ళు

మన తెలుగు సినిమా ఈ విషయంలో ఒక మంచి పని రెండుసార్లు చేసింది. రెండూ ఉషాకిరణ్ వారి చిత్రాలే. 1991లో మౌళి గారు 'అశ్విని' తీసినప్పుడు పరుగెత్తడానికి తారని వెతకలేదు. ఒలింపిక్స్ దాకా వెళ్ళిన అశ్వినీ నాచప్పనే తన పాత్రలో నిలబెట్టారు. భానుచందర్ కోచ్. అసలు పరుగు వచ్చినవాళ్ళ అడుగు ఎలా పడుతుందో చూడాలంటే ఇప్పటికీ ఆ చిత్రమే చూడాలి.

అంతకుముందు 1985లో 'మయూరి'. మన నెల్లూరు జిల్లా బిడ్డ సింగీతం శ్రీనివాసరావు గారి దర్శకత్వం. 1981లో ప్రమాదం వల్ల కుడికాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్, జైపూర్ కాలితో 1984లో మళ్ళీ వేదికెక్కి నాట్యం చేసిన కథ. నటించింది ఆమే. నాట్యమైనా పరుగైనా ఇక్కడ పాఠం ఒక్కటే. ఆ రెండున్నరేళ్ళకి పైబడిన కాలంలో ముందు నిలబడటం, తర్వాత నడవటం, ఆ తర్వాతే అడుగులు. ఏ మెట్టూ దాటెయ్యలేదు.

నేటి మాట కావాలంటే వరంగల్లు జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి ఉంది. కూలి చేసుకునే కుటుంబం. మేధోపరమైన వైకల్యం ఉందని చుట్టుపక్కలవాళ్ళు చిన్నబుచ్చిన పిల్ల. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి టి-20 విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఆ పిల్లని వెక్కిరించినవాళ్ళలో ఒక్కరైనా ఆ ట్రాకు మీద రౌండు పూర్తి చెయ్యగలరా?

మరి మనమెలా?

మన జగదేవిపేట రమణారెడ్డి గారిలా గాలికి ఎగిరిపోయే ఒళ్ళున్నవాళ్ళకే పరుగు అనుకోకండి. లావాటివాళ్ళు కూడా నిక్షేపంగా మొదలెట్టొచ్చు. నలభై దాటినవాళ్ళు, చక్కెర, రక్తపోటు, గుండెనొప్పి ఛాయలున్నవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోవాలి. ఆ తర్వాత వారానికి మూడు రోజులు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఎనిమిదిసార్లు. వారాలు గడిచేకొద్దీ పరుగు పెంచి నడక తగ్గించాలి. గుండె, ఊపిరి త్వరగా అలవాటు పడతాయి. స్నాయువులు, ఎముకలు నిదానంగా గట్టిపడతాయి. "ఆయాసం రావట్లేదు కదా" అని మూడో వారంలోనే స్పీడు పెంచినవాడు నాలుగో వారంలో కుంటేది అందుకే!

వేగం తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. పరుగెత్తుతూ ఒక సినిమా కథ పక్కవాడికి చెప్పండి. వాక్యం తెగకుండా చెప్పగలిగితే సరైన వేగం. రెండు మాటలకొకసారి రొప్పితే తగ్గించండి. పాట ఎత్తుకోగలిగితే ఇంకాస్త కదలొచ్చు.

ఉద్యోగం కోసం పరుగెత్తే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నా మనవి... నోటిఫికేషను కోసం ఆగకండి. కనీసం మూడు నెలలు ముందుండాలి. మొదటి నెలంతా కథ చెప్పుకునే పరుగే. రెండో నెల నుంచి వారానికి ఒక్కరోజు, పరీక్ష వేగంతో 400 మీటర్లు, మధ్యలో విశ్రాంతి, నాలుగైదుసార్లు. మిగతా రోజులన్నీ నిదానమే. ఈ నిదానం చూడ్డానికి బోరుగా ఉంటుంది, దీన్ని ఏ డైరెక్టరూ పాటగా తియ్యడు. కానీ ఎనిమిది నిమిషాల్లో ఆ గీత దాటించేది, దాటాక ఇంటికి క్షేమంగా చేర్చేది అదే.

మొన్న డ్రిల్లు మాస్టారి శిష్యుడు ఒకడు 7 నిమిషాల 50 సెకన్లలో ముగించి ఇసుకలో కూలబడ్డాడు. మాస్టారు వాచీ చూసి, "లెయ్, నడువు. కూర్చోబాకు!" అన్నారు, అంతే. భుజం తట్టనూ లేదు, డ్రమ్స్ మోగనూ లేదు. వాడు మాత్రం నవ్వుతూనే లేచాడు.