రక్తలేమి – థైరాయిడ్ మాంద్యం: ఒకే నీరసానికి రెండు మూలాలు

"ఒంట్లో సత్తువ లేదు, జుట్టు ఊడిపోతున్నది, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. బలానికి ఏదైనా లేహ్యం ఇవ్వండి." వైద్యం కోసం నా వద్దకు వచ్చే స్త్రీలలో చాలామంది మొదట చెప్పే మాట ఇదే. ఇంటి చాకిరి ఎక్కువైందనో, వయసు మీద పడుతున్నదనో సరిపెట్టుకొని నెలల తరబడి ఉపేక్షించిన తరువాత గాని వారు వైద్యుని దర్శించరు. అయితే బలానికి లేహ్యం ఇవ్వడానికి ముందు బలం ఎందుకు తగ్గినదో తెలుసుకొనడం వైద్యుని ధర్మం.

ఇటువంటి నీరసానికి కారణాలు అనేకం ఉన్నా, తరచుగా కనిపించేవి రెండు. మొదటిది శరీరంలో ఇనుము తగ్గడం. రెండవది థైరాయిడ్ గ్రంథి కొద్దిగా మందగించడం. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 సంవత్సరాల వయసుగల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరికి పైగా రక్తం తక్కువే. ఈ రెండు లోపాలను విడివిడిగా కాక జంటగా చూడవలెనని, ఒకదానికి వాడే మందు రెండవదాని మందును చెడగొట్టకుండా జాగ్రత్త పడవలెనని తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పోలికలు – తేడాలు

అలసట, జుట్టు రాలడం, చర్మం కళ తప్పడం, మనసు నిలవకపోవడం రెండింటిలోనూ ఉంటాయి. ఇనుము తగ్గినవారిలో కింది కనురెప్ప లోపలి భాగం, నాలుక, గోళ్ళు పాలిపోతాయి. మెట్లు ఎక్కితే ఆయాసం, గుండెదడ కలుగుతాయి. కొందరికి బలపాలు, పచ్చి బియ్యం, మట్టి, ఐసుముక్కలు తినవలెనని కోరిక పుడుతుంది. థైరాయిడ్ మందగించినవారిలో చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, పొడి చర్మం, ముఖం ఉబ్బరించడం, గొంతు బొంగురుపోవడం, కొద్దిగా బరువు పెరగడం, బహిష్టు స్రావం అధికం కావడం కనిపిస్తాయి.

లోపం స్వల్పంగా ఉన్నప్పుడు ఈ తేడాలు స్పష్టంగా ఉండవు. కనుక నాడి, నాలుక చూసి మాత్రమే నిర్ణయించరాదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టి.ఎస్.హెచ్., ఫ్రీ టి4 పరీక్షలు చేయించవలెను. గర్భవతులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణులలో 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. ఫెరిటిన్ శరీరంలోని ఇనుము నిల్వను తెలుపుతుంది. అది 15 కంటె తగ్గితే నిల్వలు అడుగంటినట్లే. హిమోగ్లోబిన్ సరిగా ఉండి ఫెరిటిన్ మాత్రమే తగ్గినవారు కూడా నీరసంతో బాధపడవచ్చును.

టి.ఎస్.హెచ్. సాధారణ పరిమితి ప్రయోగశాలను బట్టి సుమారు 0.4 నుండి 4 లేదా 4.5 వరకు ఉంటుంది. ఇది పరిమితిని దాటి 10 లోపున ఉండి, టి4 సరిగా ఉన్నట్లయితే దానిని స్వల్ప మాంద్యం అంటారు. ఒక్క పరీక్షతో కంగారుపడి జీవితకాలపు రోగమని భావించవలసిన పని లేదు. రెండు మూడు నెలల తరువాత మళ్ళీ చూస్తే కొందరిలో అది తనంతట తానే సర్దుకొని ఉంటుంది.

ఒకదానికొకటి తోడు

థైరాయిడ్ గ్రంథి తన హార్మోనును తయారు చేసుకొనడానికి అయోడిన్ ఒక్కటే చాలదు. ఆ పనిని నడిపించే పెరాక్సిడేజ్ అనే ఎంజైములో ఇనుము ఒక భాగం. ఇనుము తగ్గితే అయోడిన్ ఉన్నా హార్మోను తయారీ కుంటుపడుతుంది. ఇక థైరాయిడ్ మందగించినప్పుడు జీర్ణాశయంలో ఆమ్లం తగ్గి, తిన్న ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. బహిష్టు స్రావం పెరిగి ఉన్న రక్తమూ పోతుంది. ఈ విధంగా ఒక లోపం మరొకదానికి ఎరువవుతుంది. ఎంత బలవర్ధకమైన ఆహారం తిన్నా రక్తం పట్టడం లేదని చెప్పేవారిలో థైరాయిడ్ పరీక్ష అవసరం కావడానికి కారణం ఇదే.

ఆయుర్వేద దృష్టి

రక్తలేమిని ఆయుర్వేదం పాండురోగమని పిలిచినది. చరకసంహిత చికిత్సాస్థానంలో 16వ అధ్యాయం దీనికే కేటాయించబడినది. వాత, పిత్త, కఫ, సన్నిపాతజములతో పాటు మట్టి తినడం వలన కలిగే పాండువును ఐదవ రకంగా ఆచార్యులు చెప్పారు. మట్టి, బలపాలు తినే అలవాటుకు, ఇనుము లోపానికి గల సంబంధాన్ని నేటి వైద్యులు కూడా అంగీకరిస్తున్నారు.

థైరాయిడ్ మాంద్యానికి సరిగా సరిపోయే పేరు మన గ్రంథాలలో లేదు. గలగండం అనేది మెడ వద్ద కనిపించే వాపునకు పేరు. వాపు లేకుండా రక్తపరీక్షలో మాత్రమే తెలిసే స్వల్ప మాంద్యాన్ని గలగండమని అనలేము. లక్షణాలను బట్టి దీనిని అగ్నిమాంద్యంగా, కఫవృద్ధిగా భావించి చికిత్స చేస్తాము. ఆహారం నుండి రసధాతువు, రసం నుండి రక్తధాతువు ఏర్పడతాయని ఆయుర్వేద సిద్ధాంతం. అగ్ని చల్లారితే మొదటి మెట్టులోనే పని ఆగిపోతుంది. అందువలన రెండు సందర్భాలలోనూ ముందుగా జీర్ణశక్తిని సరిచేయడమే మా పద్ధతి.

ఆహారంతో చికిత్స

ఆకలి అయినప్పుడే వేడిగా తినడం, రాత్రి భోజనం తేలికగా ముగించడం, భోజనంలో చిటికెడు శొంఠి, జీలకర్ర, మిరియాల పొడి చేర్చడం అగ్నిని నిలుపుతాయి. తోటకూర, మునగాకు, గోంగూర, ఉలవలు, శనగలు, నువ్వులు ఇనుమును ఇస్తాయి. మాంసాహారులకు మేకమాంసం, చేపలు ఇంకా సులభంగా ఒంటబడతాయి.

ఆకుకూరలలో, పప్పులలో ఉన్న ఇనుము శరీరానికి అందవలెనంటే విటమిన్ సి తోడు కావలెను. ఉసిరికి పాండురోగంలో మన ఆచార్యులు ఇచ్చిన స్థానం ఇక్కడ సార్థకమవుతుంది. ఉసిరికాయలు దొరికే కాలంలో పచ్చికాయను తురిమి పప్పన్నంలో కలుపుకొనవచ్చును. మిగిలిన కాలంలో పప్పు దించిన తరువాత నిమ్మరసం పిండుకొనడం, భోజనం చివర జామకాయ తినడం మంచిది. నిమ్మరసాన్ని ఉడికించినట్లయితే విటమిన్ చాలావరకు నశిస్తుంది. భోజనంతో పాటు కాఫీ, టీ తాగితే ఫలితం చాలావరకు పోతుంది. కనీసం ఒక గంట ఎడం ఉండవలెను.

పూర్వం మన ఇళ్ళలో ఇనుప మూకుడులో కూరలు చేసేవారు. ఇనుప పాత్రలో భోజనం పాండువును హరిస్తుందని భావప్రకాశం చెప్పినది. చింతపండు, టమాట వంటి పులుపు గల కూరలను ఇనుప పాత్రలో వండితే కొంత ఇనుము ఆహారంలోకి చేరుతుంది. వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీయకపోతే కూర నల్లబడి రుచి మారుతుంది.

బెల్లం గురించి ఒక మాట. పంచదార కంటె బెల్లం మేలే. కాని రోజూ చిన్న బెల్లం ముక్క తింటే రక్తం పడుతుందన్న నమ్మకం సరికాదు. అంత కొద్ది మోతాదులో లభించే ఇనుము స్వల్పం.

థైరాయిడ్ మాంద్యం ఉన్నవారు క్యాబేజీ, కాలీఫ్లవర్ పూర్తిగా మానవలసిన అవసరం లేదు. పచ్చివి మాని, ఉడికించి మితంగా తినవచ్చును.

సైంధవ లవణం – అయోడిన్ ఉప్పు

లవణాలలో సైంధవం శ్రేష్ఠమని ఆయుర్వేదం చెప్పిన మాట నిజమే. ఆ మాట విని అయోడిన్ ఉప్పును పూర్తిగా మాని, అన్ని వంటలకూ సైంధవమే వాడే కుటుంబాలను నేను చూస్తున్నాను. ఇది క్షేమం కాదు. మన దేశంలో 1962లోనే జాతీయ గలగండ నివారణ పథకం ప్రారంభమైనది. 2006 నుండి అయోడిన్ కలపని ఉప్పును ఆహారం కోసం అమ్మడం దేశమంతటా నిషేధించబడినది. గర్భిణులకు అయోడిన్ లోపిస్తే శిశువు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. సైంధవాన్ని ఔషధాలలో, మజ్జిగలో వాడుకొని, నిత్యం వంటకు అయోడిన్ ఉప్పునే మితంగా వాడడం ఉత్తమం.

ఔషధాలు

పాండురోగానికి చరకుడు చెప్పిన నవాయస చూర్ణంలో శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, త్రిఫలాలు, తుంగముస్తలు, వాయువిడంగాలు, చిత్రమూలం అనే తొమ్మిది ద్రవ్యాలకు లోహభస్మం చేరుతుంది. ఇనుమును ఒక్కదానినే ఇవ్వక, జీర్ణశక్తిని పెంచేవాటిని, క్రిములను హరించేవాటిని జోడించిన ఆ యోజన మెచ్చదగినది. కాళ్ళకు చెప్పులు లేక పొలాలలో తిరిగేవారికి కొంకిపురుగుల వలన రక్తం పోతుందని నేడు తెలుసు. వాపులు కూడా ఉన్నవారికి గలిజేరుతో చేసే పునర్నవా మండూరాన్ని మజ్జిగ అనుపానంగా ఇస్తాము.

థైరాయిడ్ విషయంలో అశ్వగంధకు ఇటీవల ప్రాచుర్యం కలిగినది. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో స్వల్ప మాంద్యం గల 50 మందిపై 8 వారాలు పరీక్షించగా మేలు కనిపించినది. అది చిన్న పరిశోధన. అశ్వగంధ వలన థైరాయిడ్ హార్మోను మితిమీరిన సందర్భాలు, కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా నమోదైనవి. గర్భిణులు దానిని వాడరాదు. మెడ వాపులకు, గ్రంథులకు శార్ఙ్గధరుడు చెప్పిన కాంచనార గుగ్గులును కూడా వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడరాదు. భస్మాలను లైసెన్సు గల సంస్థలవే కొనవలెను. ఇనుము లోపం రుజువు కానిదే లోహ ఔషధం జోలికి పోరాదు.

మందుల మధ్య ఎడం

ఒక ఉపాధ్యాయిని విషయం చెబుతాను. ఆమె థైరాక్సిన్ మాత్రను క్రమం తప్పకుండా వేసుకొనేవారు. అయినా టి.ఎస్.హెచ్. తగ్గలేదు. మందు పనిచేయడం లేదని మానదలచి నా వద్దకు వచ్చారు. విచారించగా ఆ మాత్రతో పాటే ఇనుము మాత్ర, క్యాల్షియం మాత్ర కూడా వేసుకొని కాఫీ తాగుతున్నట్లు తెలిసినది. ఆమెకు నేను కొత్త ఔషధమేదీ ఇవ్వలేదు. వేళలు మాత్రమే మార్చాను. ఆ తరువాతి పరీక్షలో టి.ఎస్.హెచ్. అదుపులోకి వచ్చినది.

థైరాక్సిన్‌ను పరగడుపున మంచినీళ్ళతో వేసుకొని, అరగంట నుండి గంట వరకు ఏమీ తీసుకొనరాదు. ఇనుము, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండవలెను. లోహభస్మం, మండూరం కూడా ఇనుమేనని, శంఖభస్మం, ప్రవాళభస్మం కూడా క్యాల్షియమేనని మరువరాదు. "మూలికా వైద్యమే కదా" అని వాటిని థైరాక్సిన్‌తో కలిపి మింగితే ఫలితం అదే.

గృహవైద్యానికి హద్దు

గర్భిణులు, గర్భం కోరుకొనేవారు, టి.ఎస్.హెచ్. 10 దాటినవారు, మెడలో గడ్డ కనిపించినవారు, కూర్చున్నా ఆయాసం వచ్చేవారు ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. గర్భిణులు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రలను మానరాదు. పురుషులలోనూ, బహిష్టులు ఆగిన స్త్రీలలోనూ ఇనుము తగ్గితే మూలశంక, జీర్ణాశయపు పుండు, పేగులలో వ్రణాల వంటి వాటి ద్వారా రక్తం పోతున్నదేమో తప్పక పరీక్షించవలెను. థైరాక్సిన్ వాడుతున్నవారు దానిని తమంతట తాము ఆపరాదు. మోతాదు తగ్గించదగునా అన్నది పరీక్ష చూసి వైద్యుడు చెప్పవలెను.

ఇనుము చికిత్సలో హిమోగ్లోబిన్ కొన్ని వారాలలో పెరిగినా, నిల్వలు నిండడానికి ఆపైన సుమారు మూడు నెలలు పడుతుంది. ఒంట్లో బాగున్నదని మధ్యలో మానినవారికే నీరసం తిరిగి వస్తుంది. పరీక్షల కాగితాలు భద్రపరచుకొని, వాడుతున్న ప్రతి మాత్ర, ప్రతి లేహ్యం పేరు మీ వైద్యునికి దాచకుండా చెప్పండి.