చిరునవ్వుకు ఇంక్రిమెంటు ఏదీ?

ఎదుటివాళ్ల మనసు చదవడం ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుందంటారు. వినడానికి అది పొగడ్తే. పుట్టుకతో వచ్చినదానికి వేరే జీతమెందుకు అన్న లెక్క మాత్రం దాని వెనకే ఉంది.

నవంబరు వచ్చిందంటే కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకులకు బారులు తీరతారు. ఫోన్‌లోనే ఇచ్చే వీలున్నా, బ్యాంకుకొచ్చి స్వయంగా కనిపిస్తేనే చాలామందికి నమ్మకం. వేలిముద్ర పడదు. సర్వర్ డౌన్. ‘నేను బతికే ఉన్న గదమ్మా, కండ్ల ముంగట కనబడ్తలేనా?’ అని ఓ పెద్దాయన గొంతు పెంచుతాడు. ‘అంకుల్, జర కూసోండి. చెయ్యి తుడుచుకుని మళ్లా పెడదాం’ అంటుంది కౌంటర్లో ఉన్నామె. ఆయన చల్లబడతాడు, లైను కదులుతుంది. ఆ రోజు ఎన్ని సర్టిఫికెట్లు తీసుకున్నారో కంప్యూటర్ చెబుతుంది. ఎన్ని గొడవలు ఆగిపోయాయో మాత్రం ఎక్కడా నమోదు కాదు.

ఏ బ్యాంకులోనైనా కనిపించే ఈ తంతు గురించి మాట్లాడుకోవడానికి హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీ తగిన చోటు.

ఒకే రోజు రెండు విలీనాలు

అబిడ్స్‌కూ బషీర్‌బాగ్‌కూ నడుమ ఉన్న ఈ పేట పేరులోనే ఫిరంగుల కర్మాగారం ఉంది. 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం సైన్యం కోసం ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. 1942 ఏప్రిల్ 5న హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ తొలి శాఖ ఇక్కడే తెరుచుకుంది. నిజాం రాజ్యపు కరెన్సీ ఉస్మానియా సిక్కా వ్యవహారం చూసిన ఆ బ్యాంకే 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. రేణు చల్లు అనే మహిళ మేనేజింగ్ డైరెక్టర్‌గా నడిపిన బ్యాంకు కూడా అదే.

2017 ఏప్రిల్ 1న అది భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. 2013 నవంబరులో ప్రధానంగా మహిళలకు అప్పులివ్వడానికి పెట్టిన భారతీయ మహిళా బ్యాంకు కూడా సరిగ్గా అదే రోజు అందులోనే కలిసింది. అప్పుడు ఎస్‌బీఐ ఛైర్‌పర్సన్ అరుంధతి భట్టాచార్య. మహిళల కోసం వేరే బ్యాంకు ఉండాలన్న ఆలోచన నాలుగేళ్లు కూడా నిలవలేదు. ఇక తేలాల్సింది మామూలు బ్యాంకులో, మామూలు కౌంటర్లో ఆడవాళ్ల పనికి కట్టే విలువే.

పరీక్షలు చెప్పేదేమిటి?

భావోద్వేగ ప్రజ్ఞ అనే ఊహకు 1990లో పీటర్ సలోవే, జాన్ మేయర్ శాస్త్ర రూపమిచ్చారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో అది ఆఫీసుల్లోకి, శిక్షణ తరగతుల్లోకి పాకింది. ముఖాలు చూసి భావాలు గుర్తించడం, ఏ పరిస్థితిలో ఎలా నడుచుకోవాలో చెప్పడం వంటి పరీక్షల్లో సగటున ఆడవాళ్లకే కాస్త ఎక్కువ మార్కులొస్తాయి. ఎవరి మార్కులు వాళ్లనే వేసుకోమంటే కథ తిరగబడుతుంది. 2000లో పెట్రైడిస్, ఫర్న్‌హామ్ జరిపిన అధ్యయనంలో మగవాళ్లే తమకు ఎక్కువ వేసుకున్నారు. ఇంటర్వ్యూలో ‘నేను టీమ్‌ను బాగా అర్థం చేసుకుంటాను’ అని ధీమాగా చెప్పేవాళ్ల మాటను ఎంతవరకు నమ్మాలో దీన్నిబట్టి ఆలోచించుకోవచ్చు.

2001లో క్లైన్, హాజెస్ అనే పరిశోధకులు ఇంకో మెట్టు ముందుకెళ్లారు. ఒక మనిషి మాట్లాడుతున్న వీడియో చూపించి, ఆ మనిషి మనసులో ఏముందో చెప్పమన్నారు. సరైన జవాబుకు డబ్బిస్తామనగానే ఆడా మగా ఇద్దరూ మెరుగుపడ్డారు. వాళ్ల మధ్య తేడా మాయమైంది. మగవాళ్లకు ఎదుటివాళ్ల మనసు అందకపోవడం కాదు, అందుకోవాల్సిన అవసరం వాళ్లకు కలగకపోవడమే అసలు సంగతి. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆ అవసరాన్ని చిన్నప్పటి నుంచి ఆడపిల్లల నెత్తినే పెట్టాం.

ఒకే పని, రెండు ధరలు

తేడా చిన్నదే అయినా దాని ధర పెద్దది. 2005లో హైల్‌మన్, చెన్ ఒక ప్రయోగం చేశారు. సహోద్యోగికి సాయపడిన మగవాడికి మంచి మార్కులు పడ్డాయి. అదే సాయం చేసిన ఆడమనిషికి అదనంగా ఏమీ రాలేదు. సాయం చేయకపోతే మార్కుల్లో కోత పడింది ఆమెకే. చేస్తే ఆమె ధర్మం, అతను చేస్తే మంచితనం!

కోపం సంగతీ అంతే. 2008లో బ్రెస్కాల్, ఊల్‌మన్ చూపినట్టు, కోప్పడిన మగ ఉద్యోగి హోదా పెరిగింది, ఆడ ఉద్యోగి హోదా తగ్గింది. అతని కోపానికి పరిస్థితులు కారణమన్నారు. ఆమెది స్వభావమే అంతన్నారు.

రిటైర్మెంటు సభకు చందాలు, కొత్తగా చేరినవాళ్లకు పని చూపించడం, అలిగిన కస్టమర్‌ను బుజ్జగించడం ఎవరి వాటాకొస్తాయి? ప్రమోషన్ తెచ్చిపెట్టని ఇలాంటి పనులపై 2017లో లిండా బాబ్‌కాక్ బృందం ప్రయోగాలు ప్రచురించింది. ఆడా మగా కలిసిన గుంపుల్లో మగవాళ్లకన్నా ఆడవాళ్లు 48 శాతం ఎక్కువగా ముందుకొచ్చారు. అందరూ మగవాళ్లే ఉన్న గుంపుల్లో మాత్రం వాళ్లూ చక్కగా ముందుకొచ్చారు. చేసే ఆడమనిషి పక్కన ఉంటేనే మగవాడికి పని కనబడదన్నమాట.

కౌంటర్‌కు ఆమె, వసూలుకు అతను

1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ తన పుస్తకంలో రెండు ఉద్యోగాలను పక్కపక్కన పెట్టింది. ఒకటి నవ్వాల్సిన ఎయిర్‌హోస్టెస్, రెండోది బెదిరించాల్సిన బాకీ వసూలుదారు. మొదటిది ఎక్కువగా ఆడవాళ్లది, రెండోది మగవాళ్లది. మన బ్యాంకుల్లో ‘మే ఐ హెల్ప్ యూ’ బల్ల మేడమ్‌కూ, రికవరీ జాబితా సార్‌కూ వెళ్లడంలోనూ ఇదే అలవాటు కనిపిస్తుంది. దీనివల్ల మగవాడికీ నష్టమే. మెత్తగా మాట్లాడితే చేతకానివాడంటారు.

నిజానికి మనసు చదవగలిగే నేర్పు అన్నిటికన్నా ఎక్కువగా కావలసింది అప్పు దగ్గరే. కట్టలేనివాడెవరు, కట్టనివాడెవరు? ఈ తేడా తెలియని వసూలు ఎటు పోతుందో తెలుగు నేల చూసింది. సూక్ష్మరుణ సంస్థల ఒత్తిళ్లు, వాటితో ముడిపడిన ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అప్పు తీసుకున్నది చాలావరకు సంఘాల్లోని ఆడవాళ్లు. వాళ్ల పరువునే పూచీగా మార్చుకుంది వసూలు. ఆ తర్వాత తిరిగి రాని అప్పులతో ఆ సంస్థలే కుదేలయ్యాయి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఏజెంట్లు ఫోన్ చేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. గడియారం చూసి ఆగమని చెప్పవచ్చు. ఎదుటి గొంతులోని భయాన్ని వినడం శిక్షణ ఇస్తేనే వస్తుంది.

మార్పు మార్కుల్లో రావాలి

‘మహిళలు సహజంగానే ఓర్పు గలవారు’ అని మార్చి 8న పూలగుత్తి ఇచ్చి చెప్పడం తేలిక. ఏడాది చివరి అప్రైజల్‌లో ఆ ఓర్పుకు ఒక గడి పెట్టడమే కష్టం. గొడవ సర్దిన ఉద్యోగికి, కొత్తవాళ్లను నిలబెట్టిన ఉద్యోగికి డిపాజిట్లు తెచ్చినవాళ్లలాగే మార్కులు పడాలి. చందాలూ సభలూ వంతులవారీగా తిరగాలి. కౌంటర్, రుణాలు, రికవరీ సీట్లు ఆడా మగా అందరికీ మారుతూ రావాలి. లెక్కలోకి ఎక్కితే ఆ నేర్పు మగవాళ్లకూ వస్తుందని క్లైన్, హాజెస్ ప్రయోగం తేల్చింది. ఇక తేలాల్సింది, ఇన్నాళ్లూ ఉచితంగా అందుకున్నదానికి ధర కట్టడానికి యాజమాన్యాలు సిద్ధమా అన్నదే.