మృదంగ శాస్త్రంలో మూడో మనిషి

కళలకూ విజ్ఞాన శాస్త్రాలకూ మధ్య గోడలు కూలిపోవాలని నేడు విశ్వవిద్యాలయాలన్నీ ముక్తకంఠంతో అంటున్నాయి. 2020 జాతీయ విద్యా విధానం బాణభట్టుని ‘కాదంబరి’ని స్మరించి, అరవై నాలుగు కళల్లో గానం, చిత్రలేఖనాలతో పాటు రసాయన, గణిత శాస్త్రాలనూ, వడ్రంగం వంటి వృత్తులనూ చేర్చుకున్న సంప్రదాయం మనదని గర్వంగా ప్రకటించింది. వినడానికి ఇంపైన మాటే. అయితే వడ్రంగాన్ని కళల జాబితాలో చేర్చిన సమాజం వడ్రంగిని పండితుల సరసన కూర్చోబెట్టిందా? తోలును నాదంగా మార్చే మనిషికి ఏ సభలో ఏ పీట వేసింది? కళాకారుడూ శాస్త్రవేత్తా చేతులు కలిపిన చోట చాలాసార్లు మూడో మనిషి ఒకరుంటారు. ఆ మనిషి కులాన్ని బట్టి ఆ జ్ఞానానికి విలువ కట్టడం మన అలవాటు. మృదంగం కథే ఇందుకు సాక్ష్యం.

బిగించిన తోలును కొడితే శబ్దం వస్తుంది గాని సులభంగా శ్రుతి పలకదు. గుండ్రని పొర ఒకేసారి అనేక రీతుల్లో కంపిస్తుంది. ఆ కంపనాల పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30 అంటూ పొంతన లేని నిష్పత్తుల్లో ఉంటాయి. తీగలోనైతే అవి 1, 2, 3, 4 వరుసలో ఉంటాయి గనుక చెవికి స్వరంగా తోస్తాయి. మృదంగం, తబలా మాత్రం తోలు వాద్యాలై ఉండీ తీగలా పలుకుతాయి. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ ఈ వింతను సహ పరిశోధకునితో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో వెల్లడించారు. 1934లో తోలుపై సన్నని ఇసుక చల్లి, అది పేరుకున్న ఆకృతుల ఆధారంగా మరింత విపులంగా రాశారు. తోలు నడుమనున్న నల్లని పూత బరువు వల్ల తొమ్మిది కంపన రీతులు ఐదు స్వరాలుగా సర్దుకుంటున్నాయని తేల్చారు. తరువాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన బి.ఎస్. రామకృష్ణ 1954లో సోంధీతో కలిసి దీనికి గణిత రూపమిచ్చారు. కళకూ శాస్త్రానికీ జరిగిన ఆదానప్రదానాల్లో ఇది మన దేశం గర్వించదగ్గ ఘట్టం.

ఇంతకూ ఆ నల్లని పూతను వేసిందెవరు? మాంగనీసు, ఇనుము కలిసిన రాతిపొడిని వండిన అన్నంతో మెదిపి, తోలు నడుమ పలుచగా పూసి, రాయితో రుద్ది, ఆరిన తరువాత మరో పొర వేస్తారు. ఇలా పొర మీద పొర వేసుకుంటూ పోవాలి. ఎక్కడ ఎంత మందం ఉండాలో, ఏ పొర దగ్గర చేయి ఆపాలో నిర్ణయించేది తయారీదారుని చెవి. ఏ పశువు తోలు కుడివైపుకు పనికొస్తుందో, ఏది ఎడమవైపుకో తెలుసుకోవడం మరో విద్య. ఈ మనిషికి సమీకరణం తెలియకపోవచ్చు. కానీ సమీకరణం పుట్టడానికి ఎంతో ముందే, దాని ఫలితాన్ని ఈ చేతులు ప్రతి వాద్యంలోనూ సాధించి చూపాయి. పరిశోధనలో కీర్తి ‘ప్రాచీనుల ధ్వని జ్ఞానా’నికి దక్కింది. వర్తమానంలో బతికి ఉన్న జ్ఞాని మాత్రం పనివాడిగానే మిగిలిపోయాడు.

ఈ మౌనాన్ని టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ గ్రంథంతో ఛేదించారు. తరతరాలుగా మృదంగాలు చేస్తున్న కుటుంబాల్లో అనేకం దళిత క్రైస్తవులవని, పాలఘాట్ మణి అయ్యర్ నాదం వెనుక పర్లాందు వంటి తయారీదారుల అన్వేషణ ఉందని ఆయన రాశారు. ఆవు, గేదె, మేక తోళ్లు లేనిదే మృదంగం లేదన్న సత్యాన్నీ దాచలేదు. ఆ పుస్తకావిష్కరణకు ఇచ్చిన అనుమతిని కళాక్షేత్ర ఉపసంహరించుకోగా, సభ మరోచోట జరపాల్సి వచ్చింది. తోలును తాకే వేళ్లకు గౌరవం, ఆ తోలును శుద్ధి చేసిన వేళ్లకు అంటు. ఈ వైరుధ్యాన్ని పైకి చెప్పడమే కొందరికి నేరంగా తోచింది.

తెలుగు నేలపై ఈ ప్రశ్న ఇంకా పదునైనది. డప్పును మంటకు కాచినప్పుడు తోలులోని తేమ ఆరి, బిగువు పెరిగి, ధ్వని హెచ్చుతుంది. ఎంత సెగకు ఎంత మోత వస్తుందో మాదిగ వాద్యకారునికి తెలుసు. సున్నపు నీటిలో తోలు నానబెట్టి వెంట్రుకలు ఊడదీయడం, తంగేడు చెక్కతో ఊనడం రసాయన ప్రక్రియలే. కంచ ఐలయ్య 2009లో మాదిగలను అట్టడుగు శాస్త్రవేత్తలని పిలిచింది ఇందుకే. తెనాలి ప్రాంతంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోళ్ల శాస్త్రంలో ప్రపంచ ఖ్యాతి గడించారు. ఆ కీర్తికి ఆయన అర్హుడే. కానీ ప్రయోగశాలలో శాస్త్రమైన పని లందలో అంటరానితనంగా ఎందుకు మిగిలింది? రసాయనం మారలేదు, చేసే మనిషి కులం మారింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వృత్తి జ్ఞానాన్ని కీర్తించే నెపంతో ఆయా కులాల పిల్లలను తాతల వృత్తికే కట్టిపడేయాలనుకోవడం మరో మోసం. తయారీదారుని కూతురు మృదంగం చేయవచ్చు, కచేరీలో వాయించవచ్చు, లేదా దాని కంపనాలపై డాక్టరేట్ సంపాదించవచ్చు. ఈ మూడు తలుపులూ తెరిచి ఉన్నప్పుడే జ్ఞానానికి గౌరవం దక్కినట్టు. కులం శ్రామికులను మెట్లుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే చెప్పారు. ఆ మెట్లను అలాగే ఉంచి పైమెట్టు మీది ఇద్దరు కరచాలనం చేసుకుంటే, దాన్ని కళా విజ్ఞాన సమ్మేళనం అనలేము.

చేయదగిన పనులు కష్టమైనవేమీ కావు. యూజీసీ 2022లో ప్రవేశపెట్టిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ విధానానికి డిగ్రీలు తప్పనిసరి కాదు, పదిహేనేళ్ల అనుభవం చాలు. అయితే ఉన్నత హోదాలో పనిచేసినవారికి మొగ్గు చూపుతుంది. వాద్య నిర్మాతకు ఏ సంస్థ ఏ హోదా ఇచ్చింది గనుక? ఆ షరతును సడలించి మన విశ్వవిద్యాలయాలు డప్పు, మృదంగ తయారీదారులను ఆచార్య స్థానంలోకి పిలవాలి. వారి జ్ఞానంపై ఆధారపడిన పరిశోధనా పత్రాల్లో వారిని సహ రచయితలుగా చేర్చాలి. వారి సమయానికి పారితోషికం చెల్లించాలి. కచేరీ ఆహ్వాన పత్రికలో గాయకుడు, వాద్యకారుల సరసన వాద్య నిర్మాత పేరూ అచ్చు కావాలి.

ఒక పేరు అచ్చువేయడానికి అరపంక్తి చోటు చాలు. ఆ అరపంక్తిని ఇవ్వడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందో సభలూ, ప్రయోగశాలలూ కలిసి సమాధానం చెప్పాలి.