పాస్‌వర్డ్ లేని ప్రవేశం: ప్రత్యేక మొబైల్ యాప్ నిర్మాణం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

పాస్‌వర్డ్‌తో పనిలేకుండా, ఫోనులోని ప్రత్యేక యాప్ ద్వారా వెబ్‌సైట్‌లోకి ప్రవేశం కల్పించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. రహస్యాన్ని ఎక్కడ దాచాలి, సంతకాన్ని దేనితో ముడిపెట్టాలి, ఫోను పోతే ఖాతాను ఎలా తిరిగి అప్పగించాలి అనే మూడు ప్రశ్నలను పరిశీలించి, మూడవ ప్రశ్నకు ఇచ్చే సమాధానమే మొత్తం వ్యవస్థ భద్రతకు హద్దు అవుతుందని నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: పాస్‌వర్డ్, బహిరంగ కీ, డిజిటల్ సంతకం, పాస్‌కీ, ఖాతా పునరుద్ధరణ.

1. ఉపోద్ఘాతం

ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనేందుకు 1960ల ఆరంభంలో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం రూపొందించిన వ్యవస్థలో పాస్‌వర్డ్‌లను వాడారు. కంప్యూటర్ రంగంలో పాస్‌వర్డ్‌కు తొలి ఉదాహరణలలో ఇదొకటి. అక్కడి పరిశోధక విద్యార్థి అలన్ షెర్, తనకు కేటాయించిన కంప్యూటర్ సమయం చాలక, 1962లో అందరి పాస్‌వర్డ్‌ల పట్టికను ముద్రింపజేసుకొన్నాడు. ఈ సంగతిని చాలా ఏళ్ల తరువాత ఆయనే వెల్లడించాడు.

పాస్‌వర్డ్ మౌలిక లోపం ఈ ఉదంతంలోనే ఉంది. అది వినియోగదారునికీ సర్వరుకూ ఉమ్మడి రహస్యం. సర్వరు దానిని ఎంత మార్చి దాచినా, ప్రవేశించే ప్రతిసారీ వినియోగదారుడు ఆ రహస్యాన్ని అవతలివారికి చెప్పక తప్పదు. అవతల ఉన్నది నకిలీ సైటయితే రహస్యం అక్కడే చేజారుతుంది. ఓటీపీ ఈ లోపాన్ని పూర్తిగా తొలగించదు. నకిలీ సైటులో నమోదైన ఓటీపీని మోసగాడు క్షణాలలో అసలు సైటుకు అందించగలడు.

2. యాప్ పనిచేసే తీరు

విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్‌లు 1976లో ప్రతిపాదించిన బహిరంగ కీ భావన దీనికి పునాది. నమోదు సమయంలో యాప్ ఒక జంట కీలను సృష్టిస్తుంది. బహిరంగ కీ సర్వరుకు చేరుతుంది. రహస్య కీ ఫోనులోని భద్రతా చిప్‌లో ఉండిపోతుంది. ప్రవేశ సమయంలో సర్వరు అప్పటికప్పుడు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. వినియోగదారుడు వేలిముద్రతో ఫోనును తెరవగానే యాప్ ఆ సంఖ్యపై రహస్య కీతో సంతకం చేస్తుంది. సర్వరు బహిరంగ కీతో దానిని సరిచూస్తుంది. వేలిముద్ర గానీ రహస్య కీ గానీ ఫోను దాటవు. సర్వరు నుండి బహిరంగ కీలన్నీ దొంగిలించినా వాటితో ఎవరి ఖాతాలోకీ ప్రవేశించలేరు.

ఇంటిల్లిపాదీ ఒకే ఫోను వాడే చోట ఒక జాగ్రత్త అవసరం. ఫోనులో నమోదైన ఏ వేలిముద్రతోనైనా కీ తెరుచుకోవచ్చు. కొత్త వేలిముద్ర చేరితే పాత కీ చెల్లకుండా చేసే వీలు ఆండ్రాయిడ్‌లో ఉంది. యాప్ నిర్మాతలు దానిని వినియోగించుకోవాలి.

3. సంతకాన్ని సైటుతో ముడిపెట్టడం

సంతకం ఉన్నంత మాత్రాన మోసం ఆగదు. 2013లో స్టీవ్ గిబ్సన్ ప్రతిపాదించిన ‘స్క్విరల్’ విధానంలో, కంప్యూటర్ తెరపై కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఫోనులోని యాప్‌తో స్కాన్ చేస్తే ప్రవేశం లభిస్తుంది. అయితే అసలు సైటు కోడ్‌ను మోసగాడు తన నకిలీ పుటలో చూపితే, వినియోగదారుడు చేసిన సంతకం మోసగాడికే తలుపు తెరిచే ప్రమాదం ఉంది. ‘అవును’ అని నొక్కి అనుమతించే యాప్‌లదీ ఇదే బలహీనత. 2022లో ఉబర్ సంస్థపై జరిగిన దాడిలో ఒక కాంట్రాక్టరుకు పదేపదే అనుమతి అభ్యర్థనలు రాగా, చివరకు ఆయన ఒకదానిని ఆమోదించారు.

2019 మార్చిలో డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఆమోదించిన వెబ్‌ఆథన్ దీనికి పరిష్కారం చూపింది. ఇందులో సైటు చిరునామాను బ్రౌజరే సంతకంలో చేరుస్తుంది. కనుక నకిలీ సైటులో చేసిన సంతకం అసలు సైటులో చెల్లదు. వేరొక కంప్యూటర్‌లో ఫోనుతో ప్రవేశించేటప్పుడు, ఆ రెండూ దగ్గరలో ఉన్నాయని బ్లూటూత్ ద్వారా నిర్ధారిస్తారు. మోసాన్ని గుర్తించే భారం మనిషి కంటి నుండి యంత్రానికి మారడమే ఇక్కడి ప్రధాన పరిణామం.

4. ఫోను పోయినప్పుడు

రహస్యం ఫోనులోనే ఉంటే, ఫోనుతోపాటు ఖాతా కూడా పోతుంది. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 2022 మేలో మద్దతు ప్రకటించిన పాస్‌కీలు, కీని గుప్తీకరించి వినియోగదారుని ఇతర పరికరాలకూ చేర్చడం ద్వారా ఈ చిక్కును తగ్గిస్తాయి. కీని ఒకే ఫోనుకు పరిమితం చేసే ప్రత్యేక యాప్‌కు ఆ సౌకర్యం ఉండదు. అప్పుడు నిర్మాతలు సాధారణంగా ఎంచుకొనే సులభమార్గం ఎస్సెమ్మెస్ ఓటీపీ.

ఇది వ్యవస్థను మొదటికే తెస్తుంది. సిమ్‌ను మోసంతో తన పేరిట మార్చుకొన్నవాడు సంతకం జోలికి పోనవసరం లేదు. ‘ఫోను పోయింది’ అని నొక్కితే చాలు. ఎస్సెమ్మెస్ ద్వారా జరిపే ధ్రువీకరణను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే పరిమిత వర్గంలో చేర్చింది. నమోదు నాడే రెండవ పరికరాన్ని జోడించడం, కాగితంపై దాచుకొనే పునరుద్ధరణ సంకేతాలు ఇవ్వడం, విశ్వవిద్యాలయం వంటి సంస్థలలో స్వయంగా హాజరై గుర్తింపు చూపే ఏర్పాటు ఉంచడం ఇంతకంటే దృఢమైన మార్గాలు.

5. ముగింపు

పాస్‌వర్డ్‌ను తొలగించడం అంటే రహస్యాన్ని మనిషి జ్ఞాపకం నుండి పరికరానికి తరలించడం. గణితం ఆ తరలింపును సురక్షితం చేసింది. సైటుతో ముడిపెట్టిన సంతకం నకిలీ పుటలను నిర్వీర్యం చేసింది. మిగిలినది పునరుద్ధరణ. కాబట్టి ఇటువంటి యాప్‌ను నిర్మించేవారు, లేదా తమ సంస్థకు ఎంపిక చేసేవారు, ప్రవేశ విధానం కంటే ముందుగా ‘ఫోను పోయింది’ అనే మీటను పరీక్షించాలి. ఆ దారిలో ఎంత భద్రత ఉందో, ఆ యాప్‌లోనూ అంతే భద్రత ఉంటుంది.