కళాశాలలో నాట్యము, చలనచిత్రము

మన పూర్వులు కళలను అరువది నాలుగుగా లెక్కించిరి. ఆ పట్టికలో గీతవాద్యముల వెంటనే నృత్యము పేర్కొనబడినది. చలనచిత్రమో, ఆ పట్టిక పుట్టిన నాటికి మానవుని ఊహకైనను అందని కళ. 1895వ సంవత్సరమున పారిస్ నగరమున లూమియేర్ సోదరులు కదలెడు బొమ్మలను తెరపై ప్రజలకు చూపుటతో అది లోకమున అడుగిడినది. ఒకటి మిక్కిలి ప్రాచీనము, మరియొకటి మిక్కిలి నూతనము. అయినను ఈ రెండింటికిని మూలద్రవ్యము ఒక్కటే, అది చలనము. నర్తకుడు తన దేహమున చలనమును సృష్టించును; చలనచిత్రకారుడు తెరపై దానిని సృష్టించును.

ఈ రెండు కళలను నేడు కళాశాలలలో, విశ్వవిద్యాలయములలో విద్యార్థులు అభ్యసించుచున్నారు, పట్టములు పొందుచున్నారు. “కళ జన్మతః రావలయును గాని, తరగతి గదిలో వచ్చునా?” యని పెద్దలు కొందరు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. కళాశాల ఏమి నేర్పగలదో, ఏమి నేర్పజాలదో తెలిసికొన్నగాని దానికి సమాధానము దొరకదు.

గురుకులము నుండి కళాశాలకు

కృష్ణా జిల్లాలో కూచిపూడి యను గ్రామము కలదు. సిద్ధేంద్రయోగి భామాకలాపమును రచించి, అచ్చటి బాలురచే ఆడించెనని ప్రతీతి. నాటి నుండి ఆ గ్రామమందలి కుటుంబములు ఆ కళను తండ్రి నుండి కొడుకునకు అప్పగించుచు కాపాడినవి. పసివాడు మాటలతోపాటు జతులను నేర్చుకొనెడువాడు. మేళముతో ఊరూరు తిరుగుచు, పెద్దలు ఆడుచుండగా చూచుచు, చిన్న వేషములు ధరించుచు ఎదిగెడువాడు. సత్యభామ పాత్రను సైతము పురుషులే ధరించెడువారు. విద్యయు జీవితమును వేరుగాకుండుట ఆ పద్ధతి యందలి గొప్పతనము.

కాని దానికొక హద్దు కూడ ఉండెను. ఆ కుటుంబములలో పుట్టని వానికి, ఆడుపిల్లలకు ఆ తలుపు మూయబడి యుండెను. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి (1886–1956) ఆ హద్దును దాటి స్త్రీలకు కూడ నాట్యము నేర్పెను. ఆ గ్రామమునుండియే వెడలిన వెంపటి చినసత్యం 1963లో మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, ఎందరెందరికో శిక్షణ నొసగెను. ఇతర ప్రాంతములందును ఇట్టి మార్పే జరిగినది. మహాకవి వళ్ళత్తోళ్ 1930లో కేరళ కళామండలమును, రుక్మిణీదేవి అరండేల్ 1936లో మదరాసున కళాక్షేత్రమును నెలకొల్పిరి. కళాక్షేత్రమును 1993లో పార్లమెంటు చట్టము ద్వారా జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా గుర్తించిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునను నాట్యము నేడు స్నాతకోత్తర స్థాయిలో బోధింపబడుచున్నది. కులము, ఊరు, స్త్రీపురుష భేదము అను అడ్డుగోడలు తొలగి, ఇష్టమును శ్రమయు గల వారందరికి ఆ విద్య అందుబాటులోనికి వచ్చుట కళాశాల చేసిన మొదటి మేలు.

అమెరికా దేశమున నాట్యమునకు విశ్వవిద్యాలయ ప్రవేశము లభించిన కథ వింతైనది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మార్గరెట్ హెచ్‌డౌబ్లర్ అను అధ్యాపకురాలుండెను. ఆమె చదివినది జీవశాస్త్రము. ఆమె నర్తకి కాదు. ఆమె తన విద్యార్థినులను మొదట నేలపై పరుండబెట్టి కదలికలను చేయించెడిది. నిలబడినపుడు మన బరువును మోయుటకు దేహము కొంత శక్తిని వెచ్చించును. పరుండినపుడు ఆ శ్రమ తగ్గి, ఏ కీలు ఎటు కదలునో, ఏ కండరము ఎట్లు పనిచేయునో మనకే తెలియును. ఆమె తరగతిలో ఒక అస్థిపంజరము కూడ బోధనోపకరణముగా ఉండెడిది. ఆమె కృషి వలన 1926లో ఆ విశ్వవిద్యాలయమున నాట్యము పట్టభద్ర విద్యగా అంగీకరింపబడినది. ఒకరి అడుగులను అనుకరించుట మాత్రమే నాట్యవిద్య కాదనియు, తన దేహమును తానెరుగుట దానికి పునాది యనియు ఆమె చాటెను.

నాట్య విద్యార్థి నేర్చునదేమి?

నాట్య విద్యార్థి దినచర్య తెల్లవారుజామున సాధనతో ప్రారంభమగును. అర్ధమండలిలో నిలిచి, ఒక్కొక్క అడుగును మూడు కాలములలో, అనగా విలంబ, మధ్య, ద్రుత గతులలో, అలవాటు చేసికొనవలెను. చేతులకు హస్తములు, కంటికి చూపులు, మెడకు కదలికలు వేరువేరుగా పట్టుబడవలెను. పిమ్మట నవి యన్నియు ఒక్కటై కలియవలెను.

దేహశ్రమతో చదువు ముగియదు. భరతముని నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినది. అవయవములతో చేయునది ఆంగికము. మాటతో, పాటతో చేయునది వాచికము. వేషభూషణములతో కలుగునది ఆహార్యము. మనస్సు ద్రవించినపుడు కంటనీరు, గగుర్పాటు మొదలగు రూపములతో వెలువడునది సాత్త్వికము. విద్యార్థి ఈ శాస్త్రమును, నందికేశ్వరుని అభినయదర్పణమును చదువును. పదముల అర్థము తెలియుటకు సాహిత్యము, అడుగు తప్పకుండుటకు తాళము, గాయపడకుండుటకు శరీరశాస్త్రము నేర్చుకొనును. సత్యభామ గర్వమును అభినయించుటకు ముందు ఆ గర్వము వెనుక దాగిన ప్రేమను గ్రహింపవలదా? ఆ గ్రహింపు లేనిచో చేతులు ఆడును గాని కథ నడువదు.

చలనచిత్ర విద్య

తొలినాళ్లలో సినిమా విద్యకు స్టూడియోలే గురుకులములు. ఒక బాలుడు మదరాసు చేరి, ఏదో ఒక శాఖలో సహాయకునిగా చేరి, సంవత్సరముల తరబడి చూచుచు నేర్చుకొనెడువాడు. తరువాతి కాలమున శంకరాభరణము (1980), సాగరసంగమము (1983) వంటి చిత్రములను తీసిన కె. విశ్వనాథ్ మొదట వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ శాఖలో పనిచేసినవారే.

చలనచిత్రమును కళాశాల విద్యగా మొదట నేర్పినది మాస్కో నగరము. అచ్చట 1919లో చలనచిత్ర విద్యాలయము స్థాపింపబడినది. మన దేశమున 1960లో పూనా నగరమున ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వెలసినది. అది వెలసిన స్థలమునకు గొప్ప చరిత్ర కలదు. సంత్ తుకారాం (1936) వంటి చిత్రములను నిర్మించిన ప్రభాత్ కంపెనీ వారి స్టూడియో ప్రాంగణమే అది. ఆ సంస్థ 1974 నుండి టెలివిజన్ విద్యను కూడ కలుపుకొని నడచుచున్నది. దర్శకుడు అడూర్ గోపాలకృష్ణన్, శబ్దగ్రహణమునకు 2009లో ఆస్కార్ బహుమానము నందిన రసూల్ పూకుట్టి అచ్చట చదివినవారే.

ఆ విద్యాలయములలో దర్శకత్వము, ఛాయాగ్రహణము, కూర్పు, శబ్దగ్రహణము మొదలగు శాఖలు వేరువేరుగా నుండును. ఒక చిన్న లెక్కతో ఈ విద్య యొక్క స్వరూపము తెలియగలదు. తెరపై కదలునట్లు కనిపించునది నిజమునకు కదలని బొమ్మల వరుస. క్షణమునకు, అనగా ఒక సెకనుకు, 24 బొమ్మలు తెరపై పడును. నిమిషమునకు 1,440 బొమ్మలు. నాలుగు నిమిషముల నృత్యమునకు 5,760 బొమ్మలు. 35 మిల్లీమీటర్ల ఫిలిములో ఒక అడుగు నిడివికి 16 బొమ్మలు పట్టును గనుక, ఆ నృత్యమునకు 360 అడుగుల ఫిలిము కావలెను. నేడు ఫిలిమునకు మారుగా డిజిటల్ యంత్రములు వచ్చినను, సెకనుకు 24 బొమ్మలను లెక్క సినిమాలో నేటికిని నిలిచియున్నది.

ఇక కూర్పు విషయము. 1920 ప్రాంతమున రష్యా దేశపు అధ్యాపకుడు లేవ్ కులెషోవ్ ఒక ప్రయోగము చేసెను. ఏ భావమును వ్యక్తము చేయని ఒక నటుని ముఖమును తీసికొని, దానిప్రక్కన ఒకమారు ఆహారపు గిన్నెను, ఒకమారు శవపేటికలోని శిశువును, ఒకమారు ఒక స్త్రీని చేర్చి చూపెను. చూచినవారు ఆ ముఖమున ఆకలిని, దుఃఖమును, అనురాగమును చూచితిమనిరట! ముఖము ఒక్కటే, ప్రక్కన చేరిన బొమ్మ మారుటచే అర్థము మారినది. రెండు బొమ్మలు కలిసినపుడు రెండింటిలోను లేని మూడవ అర్థము పుట్టునని దీనివలన తేలినది. చలనచిత్ర విద్యార్థి మొదట నేర్వవలసిన పాఠములలో ఇది యొకటి.

రెండు విద్యలు కలియుచోట

నాట్యమును చిత్రీకరించుట సులభమని తోచును. యంత్రమును ఎదుట నిలిపిన చాలదా? చాలదు. రంగస్థలము ఎదుట కూర్చున్న ప్రేక్షకుడు తన ఇచ్ఛ చొప్పున ఒకపుడు పాదములను, ఒకపుడు కన్నులను చూచును. తెరపై ఆ స్వేచ్ఛ అతనికి లేదు. ముఖమును దగ్గరగా చూపినచో పాదములు మాయమగును. దేహమంతయు చూపినచో కనుచూపులోని సూక్ష్మభావము అందదు. ఏది ఎప్పుడు చూపవలెనో దర్శకుడు నిర్ణయింపవలెను. నాట్యము తెలియని వాడు ఆ నిర్ణయము ఎట్లు చేయగలడు?

ఆదితాళమున ఎనిమిది క్రియలు కలవు. నర్తకి జతులను పేర్చుచు పోయి, ముక్తాయింపును సరిగా సమమున ముగించును. ఆ ముగింపు కొరకే ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి యుండును. తాళజ్ఞానము లేని కూర్పరి ఆ ముగింపునకు ముందే బొమ్మను కోసి, ప్రక్కనున్న పూలచెట్టును చూపినచో నర్తకి శ్రమ యంతయు వ్యర్థమగును. అందుచేతనే అమెరికా నర్తకుడు ఫ్రెడ్ ఆస్టేర్ తన నృత్యము జరుగునంతసేపు తల నుండి పాదముల వరకు దేహమంతయు కనబడవలెననియు, కోతలు సాధ్యమైనంత తక్కువగా నుండవలెననియు పట్టుబట్టెను.

అట్లని కోత నాట్యమునకు ఎల్లపుడు శత్రువు కాదు. మాయా డెరెన్ అను చలనచిత్రకారిణి 1945లో టాలీ బీటీ యను నర్తకునితో ఒక చిన్న చిత్రము తీసెను. అతడు అడవిలో కాలెత్తును. ఆ కాలు ఒక ఇంటి గదిలో నేలను తాకును. అతని చలనము మాత్రము ఎక్కడను తెగదు. ఏ రంగస్థలముపైనను సాధ్యముకాని నాట్యము అది. అది యంత్రమునకును దేహమునకును కలిసి పుట్టినది.

మన తెలుగునాట ఈ రెండు విద్యలను తనలో కలుపుకొన్నవాడు వేదాంతం రాఘవయ్య. కూచిపూడి సంప్రదాయమున పెరిగి నాట్యము నేర్చిన అతడు చలనచిత్ర దర్శకుడై దేవదాసు (1953), సువర్ణసుందరి (1957) చిత్రములను తీసెను. ఆ గ్రామ సంప్రదాయమునకే చెందిన పసుమర్తి కృష్ణమూర్తి మాయాబజార్ (1957) చిత్రమునకు నృత్యములను సమకూర్చెను.

కోల్పోయినది, కాపాడవలసినది

ఈ చదువుల అవసరము కేవలము వినోదము కొరకు కాదు. నాట్యము దేహమున నివసించు కళ. గ్రంథము కవి వెనుక మిగులును. శిల్పము శిల్పి వెనుక నిలుచును. నర్తకుడు మరణించినచో అతని నాట్యము శిష్యుల దేహములలో తప్ప మరెక్కడను ఉండదు. శిష్యులు లేనిచో అది నశించును.

కాకతీయుల కాలపు పేరిణి నృత్యమునకు ఆ గతియే పట్టినది. ఆడువారి వరుస తెగిపోయెను. గణపతిదేవుని సేనాని జాయప 13వ శతాబ్దమున రచించిన నృత్తరత్నావళియు, 1213 నాటి రామప్ప దేవాలయమందలి శిల్పములును మాత్రము మిగిలినవి. నటరాజ రామకృష్ణ (1923–2011) ఆ గ్రంథమును చదివి, ఆ శిలలను పరిశీలించి, పేరిణిని పునరుద్ధరించెను. అది మహత్తరమైన కృషి. కాని శిల చూపునది ఒక్క భంగిమను మాత్రమే. ఆ భంగిమకు ముందు పాదము ఎచ్చటినుండి వచ్చినదో, తరువాత ఎచ్చటికి పోయినదో అది చెప్పజాలదు.

చలనచిత్రము ఆ కొరతను తీర్చగలదు. అయితే సమయమునకు తీయవలెను. సుప్రసిద్ధ నర్తకి బాలసరస్వతిని గూర్చి చిత్రము తీయవలెనని సత్యజిత్ రాయ్ 1966లోనే సంకల్పించెను. అది నెరవేరలేదు. ‘బాల’ యను ఆ చిత్రము 1976లో గాని వెలువడలేదు. అప్పటికి ఆమెకు 58 సంవత్సరములు. ఆ చిత్రము నేడు మనకు పెన్నిధియే. కాని నడివయస్సున ఆమె ఆడిన ఆ పదేండ్ల నాట్యము ఆ చిత్రమునకు అందలేదు. 1984లో ఆమె పరమపదించెను.

ఫిలిము మాత్రము శాశ్వతమా? కాదు. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద (1932) ప్రతి నేడు లభించుట లేదు. కాపాడువారు లేనిచో ఫిలిము కూడ నశించును. అందుచేతనే 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడినది. కావున ఆడువారు, తీయువారు, భద్రపరచువారు ముగ్గురును కావలెను. ముగ్గురికిని చదువు కావలెను.

పట్టము, ప్రతిభ

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. పట్టము పొందినవాడెల్ల కళాకారుడగునా? కాడు. సత్యజిత్ రాయ్ ఏ చలనచిత్ర కళాశాలలోను చదువలేదు. అయినను 1955లో పథేర్ పాంచాలి తీసి లోకమును మెప్పించెను. కాని అతడు చదువు లేనివాడని తలపరాదు. 1947లో మిత్రులతో కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీని స్థాపించి దేశదేశముల చిత్రములను చూచెను; 1950లో లండనులో నున్న కొలది మాసములలో నూరు చిత్రముల వరకు చూచి పరిశీలించెను. కళాశాల లేనిచో అతడు తనకు తానే కళాశాలను నిర్మించుకొనెను.

కళాశాల ప్రతిభను పుట్టింపజాలదు. కాని ఉన్న ప్రతిభకు క్రమము నేర్పగలదు. దేహమును గాయపడకుండ కాపాడగలదు. ఒక జీవితకాలమున ఒంటరిగా తెలిసికొనలేని దానిని కొలది సంవత్సరములలో అందీయగలదు. పేదవానికి, ఆడుపిల్లకు, పల్లెటూరి బాలునికి మూసిన తలుపును తెరువగలదు. అటుపిమ్మట నడువవలసినది విద్యార్థియే.

బాలబాలికలారా! మీ ఊరి తిరునాళ్లలో కోలాటమో, చెక్కభజనయో, వీథినాటకమో చూచినపుడు ఆ అడుగుల లెక్కను గమనింపుడు. ఆడు పెద్దలను అడిగి తెలిసికొనుడు. ఆ అడుగు ఎవరు నేర్పిరో, ఇప్పుడు ఎవరు నేర్చుకొనుచున్నారో విచారింపుడు. నేర్చువారు ఎవరును లేరని ఆ పెద్దలు చెప్పినచో, ఆ విద్య మీకొరకే వేచియున్నదని గ్రహింపుడు.